మెషీన్స్ ల్యాబుకి ముఠా కట్టిన రోజు

నాకు సంతకం చేయడం వచ్చు. బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతే. నేను చెబుతూ ఉంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది. నా యాస తీసేసి పుస్తకంలో మాటల్లా పెడతానంది. నా మాట నీ ఇష్టం, కానీ మిగతావాళ్లు ఎలా మాట్లాడారో అలాగే రాయాలి అన్నాను. వాళ్ల మాట మారిస్తే వాళ్ల మొహాలు నాకు గుర్తు రావు.

అనకాపల్లి ఊరు దాటాక చెరకు తోటల మధ్య ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఆ కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో నేను వంట పని చేశాను. నా భర్త బెల్లం మార్కెట్లో కళాసీ. లారీలకి దిమ్మలు ఎత్తేవాడు. ఆయన పోయాక చేరిన పని అది. మోకాళ్లు మొరాయించేదాకా చేసి ఈమధ్యనే మానేశాను. హాస్టళ్లలో కొత్తగా పనికి చేరే అమ్మాయిలకీ, ఆ హాస్టళ్లలో తిని పైకొచ్చే అమ్మాయిలకీ, మీకు ఇద్దరికీ చెబుతున్నాను ఇది.

మా వంటింటికి పెద్ద ఒకావిడ ఉండేది. అందరం అప్ప అనేవాళ్లం. గొలుగొండ వైపు మనిషి. సాంబారు గరిట ఆవిడ చేతిలోంచి తీసుకునే ధైర్యం వార్డెనమ్మకి కూడా లేదు. కూరలు తరగడం, వడ్డించడం నా వంతు. వడ్డించేటప్పుడు ప్రతి కంచం దగ్గరా ఒకే మాట అనేదాన్ని: "సాలా? ఇంకొంచెం ఎయ్యనా?" నాకు తెలియకుండానే నోట్లోంచి వచ్చేసేది. నన్ను పిన్నీ అని పిలిచే పిల్లలు, వెక్కిరించాలంటే ఆ మాటే అనేవాళ్లు.

అలా ఉండగా ఒక ఏడాది వేరే దేశాల పిల్లలు చదువుకి వచ్చారు. మా హాస్టల్లోకి వచ్చినవాళ్లలో టాంజానియా పిల్ల ఒకతె. పొడుగ్గా ఉండేది. జుట్టు సన్నసన్న జడలుగా అల్లుకునేది. మొదటి రోజుల్లో మా కారం తినలేక అరటిపళ్ల మీద బతికింది. ఒకరోజు వంటింట్లోకి వచ్చి, చేతులతో ముద్ద చేసి చూపించి, తెల్లగా ఉంటుంది, మొక్కజొన్న పిండి, అని సైగలు చేసింది. అప్పకి అర్థమైంది. "ఓలమ్మ, సంకటి అడుగుతాందే ఈ గుంట," అంది. ఇంటినుంచి చోడిపిండి, అదే రాగిపిండి, తెచ్చి కలిపి పెట్టింది. రంగు నల్లగా ఉందని ఆ పిల్ల కాసేపు చూసింది. తర్వాత గిన్నె నాకినంత పని చేసింది.

అప్పటినుంచి సాయంత్రాలు మా బియ్యం బస్తాల మీదే కూర్చునేది. మాతో పాటు బీన్స్ ఈనెలు తీసేది. తెలుగు అక్కడే నేర్చుకుంది. అది మా వంటింటి తెలుగు. ప్రిన్సిపాలు గారు ఎదురుపడి ఇంగ్లీషులో కుశలం అడిగితే, "బాగున్నాను బాబూ, నువ్వు తిన్నావేటి?" అందట. ఆయన ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడని ఆఫీసు అటెండరు చెప్పాడు.

మూడో ఏడాది మొదట్లో ఆ పిల్ల కళ్లు పచ్చబడ్డాయి. అన్నం సహించేది కాదు, మెట్లెక్కితే రొప్పేది. వార్డెనమ్మ అప్పుడు సెలవులో ఉంది. అప్ప ఆ పిల్ల కింద రెప్ప లాగి చూసి, "పచ్చకామెర్లే," అని తేల్చేసింది.

"ఆసుపత్రికి తీసుకెల్దాం," అన్నాను నేను.

"ఆసుపత్రిలో దీనికి మందేటుందే? సెలైన్ ఎక్కిత్తారు, పడుకోమంటారు. మా ఊరి పక్కన ఆకు పసరు పోత్తారు. మా ఇంట్లో అందరికీ అక్కడే తగ్గింది."

ఆ పిల్లని అడిగితే తనూ పసరే అంది. చిన్నప్పుడు వాళ్ల అమ్మమ్మ కూడా ఏదో ఆకు నూరి పోసేదట. ఆసుపత్రిలో చేరితే వాళ్ల అమ్మకి తెలుస్తుంది, తెలిస్తే వచ్చేయమంటుంది, అది దాని భయం. నేనూ సరే అన్నాను. ఆదివారం తెల్లారకుండా ఆటో కట్టించుకుని ముగ్గురం వెళ్లాం. పరగడుపున మేకపాలలో కలిపి పోశారు. ఆ పిల్ల మింగి, మొహం వికారంగా పెట్టి, "అప్పా, నీ సాంబారే నయం," అంది. అప్పకి కోపం రావాలో నవ్వు రావాలో తెలియలేదు.

తర్వాత చప్పిడి పథ్యం. ఉప్పు లేదు, నూనె లేదు. జావ, మజ్జిగ, మెత్తగా ఉడికిన అన్నం. గదికి నేనే తీసుకెళ్లేదాన్ని. పసరు వల్ల తగ్గిందో, మంచం మీద పడుకోవడం వల్ల తగ్గిందో నేను చెప్పలేను. మీరు మాత్రం ముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎందుకు చెబుతున్నానో ఇంకాసేపట్లో మీకే తెలుస్తుంది.

పడుకున్న పిల్లకి చదువు బెంగ పట్టుకుంది. ఆ సెమిస్టరుకి ఆరు సబ్జెక్టులు. పక్క మంచం పిల్లది కె. కోటపాడు, నోరున్న పిల్ల, హాస్టల్లో ఏ గొడవకైనా ముందుండేది. ఆ పిల్ల సలహా చెప్పింది.

"ఆరెందుకే? బరువైనవి రెండు ఒగ్గెయ్. వచ్చే ఏడు రాసుకోవచ్చు. మేమందరం అలాగే సేత్తాం."

అది అబద్ధం కాదు. మా పిల్లల అలవాటే అది. కష్టమైన సబ్జెక్టు ఒగ్గేయడం, అంటే వదిలేయడం, తర్వాతి ఏడు చూసుకోవడం. మెషీన్స్ ల్యాబయితే సగం క్లాసు ఒగ్గేసింది. మోటార్లు, మీటర్లు, సాయంత్రం దాకా నిలబడాలి, పైగా చెప్పే మేడమ్ మహా గట్టిది. మెస్సులో ఒగ్గేసినవి చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. నేను కూడా జావ గిన్నె పట్టుకుని, "అవునే తల్లీ, బరువు దించుకో, ఒళ్లు బాగయ్యాక ఎత్తుకుందువు గాని," అన్నాను. ఆ పిల్ల కంప్యూటర్లో రెండు సబ్జెక్టులు తీసేసింది. ఒకటి ఆ ల్యాబు, ఇంకొకటి ఏదో లెక్కల సబ్జెక్టు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

కళ్లు తెల్లబడి, మెల్లగా క్లాసులకి వెళ్లడం మొదలుపెట్టిన కొద్ది రోజులకి, ఒక పొద్దున్న ఇడ్లీలు దించుతుంటే వచ్చి బస్తాల మీద కూలబడింది.

"పిన్నీ, నన్ను పంపేత్తారంట."

"ఎక్కడికే?"

"మా ఊరికి. మరి రానివ్వరంట."

వీసా పొడిగించడానికి కాలేజీ ఉత్తరం ఇవ్వాలి. దానికోసం విదేశీ పిల్లల ఆఫీసుకి వెళితే, నువ్వు నాలుగు సబ్జెక్టులే చదువుతున్నావు, నీకు ఉత్తరం ఇవ్వలేం అన్నారట. వార్డెనమ్మ అప్పటికి సెలవు నుంచి వచ్చేసింది. నేనూ అప్పా చేతులు కడుక్కుని, ఆవిడని వెంటబెట్టుకుని, ఆ పిల్లతో ఆఫీసుకి వెళ్లాం. ఇడ్లీలు ఆ రోజు ఎవరు వడ్డించారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఆఫీసు సార్ చెడ్డవాడు కాదు. కుర్చీలు వేయించాడు. అప్ప కూర్చోలేదు.

"వీసా మీద చదువుకి వచ్చినవాళ్లు పూర్తి చదువు చదవాలమ్మా. మా లెక్కలో కనీసం ఐదు సబ్జెక్టులు. అంతకన్నా తగ్గితే చదువుకి వచ్చినట్టు కాదు, ఊరికే ఉన్నట్టు. ఆ సంగతి మేము పైకి చెప్పాలి. చెప్పాక వీసా పోతుంది. ఇలా పోయినవాళ్లకి మళ్లీ రావడం కష్టం," అన్నాడు.

"మా పిల్లలందరూ ఒగ్గేత్తారు కదా బాబూ!" అంది అప్ప.

"మన పిల్లలు ఒగ్గేస్తే ఇంట్లో తిడతారు. ఈ అమ్మాయి ఒగ్గేస్తే దేశంలోంచి పంపేస్తారు. ఇద్దరికీ రూలు ఒకటి కాదు."

నాకు ఒళ్లు మండింది. "సారూ, జ్వరమొచ్చినోళ్లకి మేము జావ పెడతాం. రోగమొచ్చిన పిల్లకి మీరు సగం సదువు పెట్టలేరేటి?"

"పెట్టొచ్చు. ముందే మమ్మల్ని అడగాలి, డాక్టరు ఉత్తరం తేవాలి. అప్పుడు తగ్గించడానికి మేమే ఒప్పుకుంటాం. ఏ ఆసుపత్రిలో చూపించారు?"

వార్డెనమ్మకి అప్పటిదాకా అసలు సంగతే తెలియదు. చివరికి అప్పే అంది, గొంతు తగ్గించి: "గొలుగొండ కాడ బాబూ. పసరు పోయించేం."

ఆ సార్ తల పట్టుకున్నాడు. కాసేపటికి నవ్వేశాడు. "మా అమ్మ నాకూ అక్కడే పోయించింది. కానీ వాళ్లు ఉత్తరం రాసివ్వరు కదా అప్పా."

అప్ప వంగి, "రింగురోడ్డు కాడ ఒకాయనున్నాడు, ఏది రాయమంటే అది రాసిచ్చేత్తాడు," అంది. ఆయన నవ్వు ఆగిపోయింది. "ఆ పని మాత్రం చెయ్యకండి. బయటపడితే ఈ అమ్మాయికే కాదు, వెనకాల వచ్చే పిల్లలందరికీ తలుపు మూసుకుపోతుంది. ఒక్కటే దారి. సాయంత్రం నాలుగింటికి సబ్జెక్టులు మార్చుకోవడం మూసేస్తారు. ఆ లోపు ఒక్క సబ్జెక్టు వెనక్కి తెచ్చుకోండి. ఐదైతే చాలు, ఉత్తరం నేను ఇస్తాను."

లెక్కల సారు కుదరదనేశాడు. పాఠాలు చాలా అయిపోయాయట. ఇక ల్యాబు మేడమ్ మిగిలింది. మెస్సులో సాంబారు మీద రోజూ వంక పెట్టే మేడమ్ ఆవిడే. అప్ప గుమ్మం బయటే ఆగిపోయింది. "నన్ను సూత్తే ఉప్పు గుర్తొత్తాది ఆవిడికి, నువ్వెల్లు," అని నన్ను లోపలికి తోసింది.

మేడమ్ అంతా విని ఆ పిల్లని పైకీ కిందకీ చూసింది. "పొద్దుటి బ్యాచ్‌లో చోటు లేదు. ఒగ్గేసినవాళ్ల కోసం సాయంత్రం బ్యాచ్ పెడతామని నోటీసు వేశాను. ఒక్కరు రాలేదు. పది మందైనా ఉంటేనే ల్యాబ్ తెరవనిస్తారు. ఒక్క పిల్ల కోసం తెరవరు."

"పది మందిని తెత్తే?"

"తెస్తే తెరుస్తాను. నేనెప్పుడైనా రాననన్నానా?"

బయటికి వచ్చేసరికి ఆ పిల్ల ఏడవడం లేదు. అది చూసి నాకు భయమేసింది. "పెట్టె సర్దుకుంటాను పిన్నీ," అంది. అంత మామూలుగా అంది.

ఇక్కడ నా భర్త సంగతి ఒకటి చెప్పాలి. మార్కెట్లో వాళ్ల ముఠాకి ఒక పద్ధతి ఉండేది. కళాసీకి ఒంట్లో బాగోలేకపోయినా ఇంట్లో ఉండిపోకూడదు. ఉండిపోతే మేస్త్రీ ఆ చోట్లో ఇంకొకణ్ణి పెడతాడు, చోటు పోతుంది. అందుకని జ్వరంతో ఉన్నవాడు కూడా వచ్చి వరసలో నిలబడేవాడు. వాడి వంతు దిమ్మ వచ్చినప్పుడు ముందొకడు వెనకొకడు పట్టుకునేవాళ్లు. వాడు మాత్రం దాని మీద చెయ్యి వేసి నడవాలి. చెయ్యి వెయ్యకపోతే మోసినట్టు కాదు. ఒళ్లు బాగయ్యాక వాడు ఒకరోజు ముఠా అందరికీ తన చేత్తో టీ పొయ్యాలి. కొనిస్తే కుదరదు, తనే వంగి గ్లాసుల్లో పొయ్యాలి. మా ఆయన అలా చాలాసార్లు పోశాడు, చాలాసార్లు తాగాడు.

మధ్యాహ్నం భోజనానికి హాస్టలు పిల్లలూ, రోజూ బస్సులో వచ్చి వెళ్లే పిల్లలూ అందరూ మెస్సుకి వచ్చారు. వడ్డించే బల్ల వెనక నిలబడ్డాను. చేతిలో వడ్డించే గరిట. సాంబారు గిన్నె మీద గట్టిగా కొట్టాను.

"మెషీన్స్ ల్యాబు ఒగ్గేసినోళ్లందరూ ఇలా రండి!"

అందరూ నవ్వారు. ఎవరో వెనకనుంచి, "ఏటి పిన్నీ, ల్యాబు ఒగ్గేత్తే అప్పడం కూడా కట్ చేసేత్తారా?" అని అరిచారు.

"అప్పడం కాదే, ఆ పిల్ల వీసా కట్ చేసేత్తారు," అని సంగతంతా చెప్పాను. నాలుగింటికి మూసేస్తారని, పది మంది కావాలని చెప్పాను. నవ్వులు ఆగాయి. ఎవరూ కదల్లేదు కూడా. తప్పు పట్టను. సాయంత్రం ల్యాబంటే ఇంటికి వెళ్లే బస్సు పోతుంది. కొందరికి కోచింగ్ క్లాసు పోతుంది. కొందరు ఆ మేడమ్‌కి నిజంగా భయపడేవాళ్లు. తలలు వంచుకుని అన్నం కలుపుకుంటున్నారు.

అప్పుడు ముఠా సంగతి చెప్పాను. ఇంత పొడుగ్గా చెప్పలేదు. "ఆ పిల్ల నిలబడతాది, సెయ్యేత్తాది. మీరు అటో సెయ్యి, ఇటో సెయ్యి పట్టండి," అన్నాను.

ఆ పిల్ల కంచం పట్టుకుని వరసలోనే నిలబడి ఉంది. "ఒద్దు పిన్నీ. నాకోసం ఆళ్లనడక్కు. నానెల్లిపోతాను," అంది. ఆ నల్లపిల్ల నోట అచ్చం మా ఊరి మాట. మెస్సంతా వినబడింది.

కె. కోటపాడు పిల్ల లేచింది. చేతికి పప్పన్నం అంటుకునే ఉంది.

"నువ్వెల్లిపోతే నా రికార్డుల్లో బొమ్మలెవరేత్తారే? కూకో. ఒగ్గెయ్యమన్నది నానే, నానొత్తాను." అని చుట్టూ చూసింది. "ఏటే, మీరందరూ ఒగ్గేసినప్పుడు గొప్పగా సెప్పుకున్నారు కదా? ఇప్పుడు లెగండి మరి!"

ఒకతె లేచింది. రాజయ్యపేట పిల్ల, ఎప్పుడూ మాట్లాడేది కాదు, నెమ్మదిగా లేచి నిలబడింది. తర్వాత బల్ల అవతల ఇద్దరు. "నా బస్సు పాస్ తగలెయ్యా," అని తిట్టుకుంటూ ఇంకొకతె. అప్ప బల్ల మీద అప్పడాల డబ్బా బోర్లించి, "లేచినోళ్లకి రెండేసి!" అంది. దాంతో మిగతావాళ్లు కూడా లేచారు. పది దాటారో ఎంతమంది అయ్యారో నేను లెక్కపెట్టలేదు. అప్పడాలు మాత్రం సరిపోలేదు.

చేతులు కడుక్కోకుండానే ఆఫీసుకి పరుగు. అంతమంది ఆడపిల్లలు ఒక్కసారిగా రావడం చూసి అటెండరు ధర్నా అనుకుని తలుపు వేయబోయాడు. మేడమ్‌కి కబురు పెడితే ఆవిడే నడిచి వచ్చింది. వరసని చూసి కళ్లజోడు సర్దుకుంది.

"నన్ను తప్పించుకు తిరుగుతున్నవాళ్లందరూ ఒక్కచోట దొరికారు," అంది. "ఒక్కటి వినండి. ఎవరి రీడింగు వాళ్లే తీసుకోవాలి. స్నేహానికి మార్కులుండవు." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గరిట తెచ్చావేంటమ్మా?" అంది. చూసుకుంటే నిజమే, గరిట నా చేతిలోనే ఉంది.

నాలుగు కొట్టకముందే ఆ పిల్లకి ఐదో సబ్జెక్టు ఎక్కింది. ఉత్తరం ఇచ్చేటప్పుడు ఆ సార్, "రేపే అసలు డాక్టరుకి చూపించండి," అన్నాడు. వార్డెనమ్మ తీసుకెళ్లింది. అప్పని కూడా బలవంతాన తీసుకెళ్లింది. డాక్టరు పెట్టిన చీవాట్లు అప్ప చెప్పలేదు గానీ, తర్వాత ఎవరికైనా జలుబు చేసినా, "నా కాడికి రాకండి, ఆసుపత్రికి పొండి," అనేది.

ఆ సెమిస్టరంతా సాయంత్రం ల్యాబు నడిచింది. మేడమ్ చెప్పినట్టే ఎవరి రీడింగు వాళ్లదే. కానీ మీటర్లు మోసుకురావడం, తీగలు లాగడం, బరువైనవి జరపడం మిగతా పిల్లలు చేసేవాళ్లు. ఆ పిల్ల ఒక చెయ్యి వేసేది. కాళ్లు వణికితే ఎవరో ఒకరు పక్కన ఆనుకుని నిలబడేవాళ్లు. నేను మజ్జిగ చెంబు పట్టుకెళ్లి గుమ్మం దగ్గర కూర్చునేదాన్ని. ఆ మోటార్ల చప్పుడు ఇప్పటికీ నాకు ఇష్టం. దారిలో పిండిమర చప్పుడు వినబడినా కాసేపు ఆగుతాను. పరీక్షలో ఆ బ్యాచ్‌లో ఒకరిద్దరు తప్పారు. తప్పినవాళ్లలో కె. కోటపాడు పిల్ల ఒకతె. దాని రికార్డులో బొమ్మలు మాత్రం చాలా బాగా వచ్చాయని మేడమ్ ఎవరి వైపో చూస్తూ అందట.

ఆ పిల్ల చదువు పూర్తయి వెళ్లిపోయే ముందు ఆదివారం వంటింట్లోకి వచ్చింది. పొయ్యి దగ్గరికి మమ్మల్ని రానివ్వలేదు. అప్ప చేతిలోంచి గరిట తీసుకుంది. అప్ప ఇచ్చేసింది. నేను అక్కడ పని చేసినన్నాళ్లూ ఆ గరిట ఆవిడ ఇష్టంతో ఇంకొకరికి ఇవ్వడం చూసింది ఆ ఒక్కసారే. ఆ పిల్ల మొక్కజొన్న పిండి తెల్లగా ఉడికించి పెద్ద ముద్ద చేసింది. ఆకుకూర వండింది. పెద్ద గిన్నెతో టీ కాచింది, అల్లం దంచి వేసింది.

ల్యాబు పిల్లలందరినీ బల్లల దగ్గర కూర్చోబెట్టింది. తర్వాత నా భుజం పట్టుకుని నన్ను కూడా కూర్చోబెట్టింది. అన్నేళ్లూ ఆ బల్లలు తుడిచాను, వాటి చుట్టూ తిరిగాను, ఒక్కరోజు కూడా కూర్చోలేదు. కింద నుంచి చూస్తే ఆ గది ఎంత పెద్దగా ఉందో. ఎదురుగా అప్ప. మోకాళ్లు బల్లకి తగులుతున్నాయని గొణుగుతోంది.

ఆ పిల్ల వరసగా వంగి టీ పోసుకుంటూ వచ్చింది. ముఠా మాట ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు. నా దగ్గరికి వచ్చి గ్లాసులో పోసింది, కంచంలో తెల్లటి ముద్ద పెట్టింది. గరిట పట్టుకుని కదలకుండా నిలబడింది.

"సాలా పిన్నీ?" అంది. "ఇంకొంచెం ఎయ్యనా?"